బ్యూగిల్ ఆగిపోయిన తర్వాత

(సచిన్‌లో జరిగిన మన సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సచిన్ అంటే దేశంలో అందరికీ క్రికెట్ ఆటగాడే గుర్తుకొస్తాడు. మనకు మాత్రం సచిన్ అంటే సూరత్‌కు దక్షిణాన ఉన్న రైల్వే స్టేషను, జీఐడీసీ ఫ్యాక్టరీలు, రాత్రీ పగలూ ఆగని మగ్గాల చప్పుడు. ఒకప్పుడు ఇది సిద్దీ నవాబుల చిన్న సంస్థానం, 1948లో విలీనమైపోయింది. ఇప్పుడు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, తెలంగాణ, ఆంధ్ర అని తేడా లేకుండా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళందరి ఊరు. ఇలాంటి ఊళ్ళో కూర్చుని దేవునికి దగ్గర కావడం గురించి మాట్లాడమని కార్యవర్గంవారు నన్ను అడిగారు. నేను పాస్టర్ని కాను. ఇంటర్ వరకే చదువుకున్న సూబేదార్ని. నాకు తెలిసిన విశ్వాసం క్రైస్తవ విశ్వాసం కాబట్టి దాని వైపు నుంచే మాట్లాడతాను. అయితే రెజిమెంటులో మనందరం ఒకే సర్వధర్మ స్థల్‌లో చెప్పులు విడిచి కూర్చున్నవాళ్ళం. కనుక ఇతర మతాల సోదరులు కూడా ఇందులో తమకు పనికొచ్చేది ఉంటే తీసుకోవచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. మనిషి దేవునికి దూరమయ్యేది ఎక్కువసార్లు ద్వేషం వల్ల కాదు, నాస్తికత్వం వల్ల కూడా కాదు, మరుపు వల్ల. మరుపుకు మందు గుర్తు. ఆ గుర్తు మన చేతి పనిలోనే దొరకాలి.

మనిషి మరిచిపోతాడన్న సంగతి సైన్యానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదండి. జవాను మంచివాడే, ధైర్యవంతుడే, అయినా మరిచిపోతాడు. అందుకే సైన్యం అతని జ్ఞాపకశక్తిని నమ్ముకుని కూర్చోదు. పొద్దున్నే రివెలీ, సాయంత్రం రిట్రీట్, రాత్రి రోల్‌కాల్. కోత్‌లో రైఫిల్ తీసినా సంతకం, పెట్టినా సంతకం. పోస్టు మీద తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడే వేళ ఒకసారి స్టాండ్-టు. ఎందుకంటే శత్రువు వచ్చేది ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే. ఆదివారం మందిర్ పరేడ్ కూడా అలాంటిదే. పండిట్‌జీ, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ అందరూ మన జేసీఓ హోదాలోనే ఉంటారు. దేవుడి దగ్గరకు వెళ్ళడానికి కూడా సైన్యం మనకు ఒక ఫాలిన్ పెట్టింది.

పెన్షన్ వచ్చిన రోజున ఆ బ్యూగిల్ ఆగిపోతుంది. దండలు వేస్తారు, బడాఖానా పెడతారు, రైలెక్కిస్తారు. ఇంటికొచ్చాక మొదటి నెల హాయిగానే ఉంటుంది. రెండో నెల నుంచి పొద్దున ఎందుకు లేవాలో తెలియదు. ఎవరూ పేరు పిలవరు. క్యాంటీన్ కార్డు ఒకటి ఉంటుంది, అందులో దొరికే సీసా ఒకటి ఉంటుంది. అక్కడ జారిపోయినవాళ్ళను మనం అందరం చూశాం, పేర్లు చెప్పక్కర్లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పాతికేళ్ళు బయటి నుంచి వినిపించిన పిలుపు ఒక్కసారిగా ఆగిపోయింది, లోపలి నుంచి పిలిచేది ఏదీ తయారు కాలేదు, అంతే. అందుకే ఈ విషయం నాకు కేవలం ఆదివారపు విషయంలా అనిపించదు. మన వాళ్ళ ప్రాణాల విషయం.

బైబిలు చూస్తే దేవుడు కూడా ప్రజలు మరిచిపోతారనే లెక్కతోనే మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో తన మాటల్ని చేతికి గుర్తుగా కట్టుకోమన్నాడు, గుమ్మాల మీద రాసుకోమన్నాడు, ఇంట్లో కూర్చున్నా దారిలో నడుస్తున్నా పిల్లలతో వాటి గురించి మాట్లాడమన్నాడు. సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో బట్టల అంచులకు కుచ్చులు పెట్టి అందులో నీలిదారం వేయించాడు. బట్టల ఊరిలో ఉన్నాం కాబట్టి ఈ మాట మనకు ఇంకా బాగా అర్థం కావాలి. రోజంతా కళ్ళ ముందు ఉండేది గుడ్డ అంచు. అక్కడే గుర్తు పెట్టించాడు. యెహోషువ యొర్దాను దాటాక నది మధ్య నుంచి పన్నెండు రాళ్ళు ఎత్తించి గిల్గాలులో నిలబెట్టాడు. రేపు పిల్లలు ఈ రాళ్ళేమిటని అడిగితే చెప్పడానికి. మన యూనిట్‌లో క్వార్టర్ గార్డు పక్కన వార్ మెమోరియల్ ఎందుకు ఉంటుందో, అవీ అందుకే.

ప్రభువైన యేసు కూడా తనను జ్ఞాపకం చేసుకోవడానికి గుడి కట్టమనలేదు, విగ్రహం పెట్టమనలేదు. రొట్టె, ద్రాక్షరసం. అంటే ఆ దేశంలో ప్రతి ఇంట్లో ప్రతి పూటా ఉండే తిండి. పేతురు సంగతి చూడండి. నిన్ను ఎరగనని మూడుసార్లు బొంకిన మనిషికి బుద్ధి తెప్పించింది ఒక కోడికూత. ఆ రోజు ఎంతమంది ఆ కూత విన్నారో! పేతురు ఒక్కడికే అది పిలుపు అయింది. గుర్తు ఎక్కడైనా ఉంటుంది, దాన్ని వినడానికి ముందే ఒక మాట మనసులో పడి ఉండాలి.

బైబిల్లో మన జాతివాడు, అంటే సిపాయి జాతివాడు, ఒకాయన ఉన్నాడు. మత్తయి 8వ అధ్యాయంలో కపెర్నహూము శతాధిపతి. పేరుకి వందమందికి అధిపతి అయినా రోమా సైన్యంలో అతని కింద ఎనభై మంది దాకా ఉండేవాళ్ళు. పైనుంచి ఆర్డర్ వస్తుంది, కింద జవాన్లున్నారు, మధ్యలో ఇతను. సరిగ్గా జేసీఓ బాధ. తన దాసుడికి జబ్బు చేస్తే యేసు దగ్గరకు వచ్చి, మీరు ఇంటికి రానక్కర్లేదు, ఒక్క మాట చాలు అన్నాడు. కారణం ఏం చెప్పాడు? నేను కూడా ఆర్డర్ కింద పనిచేసేవాణ్ణే, నా మాటకి నా మనుషులు కదులుతారు, మీ మాటకి రోగం కదలదా అన్న భావంతో చెప్పాడు. ఇంత విశ్వాసం ఇశ్రాయేలులో కూడా చూడలేదని ప్రభువు మెచ్చుకున్నాడు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆయన దేవుణ్ణి అర్థం చేసుకుంది శాస్త్రం చదివి కాదు. తన డ్యూటీలోంచే. పరేడ్ గ్రౌండ్ ఆయనకు బైబిలు పాఠశాల అయింది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉన్న గుర్తుల గురించి. డిసెంబరు 31 రాత్రి మన తెలుగు సంఘాలలో ఆరాధన అయ్యాక వాగ్దానపు కార్డులు పంచుతారు. పిల్లలు కూడా కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఏడాదంతా అది బైబిల్లోనో పర్సులోనో ఉంటుంది. ఈ ఆచారానికి చాలా దగ్గరగా ఉండేది, సిపాయిలకు బాగా నచ్చేది ఒకటి జర్మనీలో ఉంది. సాక్సనీలో హెర్న్‌హుట్ అనే చిన్న ఊళ్ళో మొరావియన్ విశ్వాసులు శరణార్థులుగా వచ్చి స్థిరపడ్డారు. వారి పెద్ద జిన్‌జెండార్ఫ్ ప్రభువు 1728 మే 3వ తేదీ సాయంత్రం కూడికలో మరుసటి రోజుకోసం ఒక మాట ఇచ్చాడు. మర్నాడు దాన్ని ఊళ్ళోని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. అప్పటి నుంచి రోజుకొక మాట. 1731 సంవత్సరానికి మొదటిసారి పుస్తకంగా అచ్చయింది. ఇప్పటికీ ప్రతి ఏడాదీ వస్తూనే ఉంది, యాభైకి పైగా భాషల్లో. దానికి వాళ్ళు పెట్టిన పేరు లోజుంగ్. ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసా? సెంట్రీ అడిగితే చెప్పాల్సిన ఆ రోజు పాస్‌వర్డ్. రాత్రిపూట పాస్‌వర్డ్ తెలియకుండా పోస్టు దాటడం ఎంత ప్రమాదమో మనకు వేరే చెప్పాలా? రోజు మొదలయ్యే ముందు ఒక మాట తీసుకుని బయటకు వెళ్ళడం అలాంటిదే.

మనవాళ్ళ దగ్గర పుస్తకం లేనప్పుడు ఆ పని పాట చేసింది. పురుషోత్తమ చౌదరి గారివంటి వారు 19వ శతాబ్దంలో తెలుగులో కీర్తనలు కట్టారు. అక్షరం రాని మన నాయనమ్మలు కూడా నాట్లు వేస్తూ, తిరగలి తిప్పుతూ అలాంటి కీర్తనలు నోటికి పాడుకున్నారు. ఇక ఈ సూరత్‌కూ మన తెలుగుకూ ఇందులో ఒక చుట్టరికం ఉంది. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లో విశాఖపట్నం వచ్చి బైబిలును తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. అదే సొసైటీవారు 1815లో సూరత్ వచ్చి గుజరాతీలో అదే పని చేశారు, ఇక్కడే ప్రెస్సు పెట్టి 1820లలో అచ్చు వేశారు. మనం బతుకుతెరువుకు ఇక్కడికి రాకముందే ఆ మాట రెండు తీరాలకూ వచ్చి ఉంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గుర్తు చెడిపోతుంది కూడా. తలుపు మీద ఈ ఇంటి యజమాని ప్రభువేనని స్టిక్కరు ఉంటుంది, లోపల భార్య మీద చెయ్యి లేస్తుంటుంది. వాగ్దానపు కార్డు తాయెత్తులా పర్సులో ఉంటుంది, అదే పర్సులోంచి కూలివాడికి ఇవ్వాల్సిన డబ్బు బయటకు రాదు. బైబిలు దీన్ని దాచలేదు. అరణ్యంలో పాము కాటుకు చచ్చిపోతున్న ప్రజల కోసం దేవుడు చెప్తేనే మోషే ఇత్తడి సర్పం చేసి స్తంభం మీద పెట్టాడు. దాన్ని చూసినవాళ్ళు బతికారు. కాని వందల ఏళ్ళ తర్వాత జనం ఆ ఇత్తడికే ధూపం వేయడం మొదలుపెట్టారు. అప్పుడు హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఇది రెండవ రాజులు 18వ అధ్యాయంలో ఉంది. దేవుడే ఇచ్చిన గుర్తు! అయినా దాని పని అయిపోయి అదే దేవుడైపోయినప్పుడు పగలగొట్టాల్సి వచ్చింది. యేసు కూడా చేతికీ నుదుటికీ కట్టుకునే ఆ లేఖనపు పెట్టెల్ని నలుగురికీ కనపడేలా వెడల్పు చేసుకునేవాళ్ళను మందలించాడు. కనుక గుర్తు మంచిదా కాదా అని తేల్చుకోవడానికి ఒకటే పరీక్ష. అది మనల్ని పక్కమనిషి వైపు తిప్పుతున్నదా లేదా?

ఈ పరీక్షలో నెగ్గిన సిపాయి ఒకాయన గురించి చెప్తాను. ఆయన అసలు పేరు నికొలస్ హెర్మన్. ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న లొరేన్ ప్రాంతంలో పేదవాళ్ళ ఇంట్లో పుట్టాడు. 1618 నుంచి 1648 దాకా యూరపులో జరిగిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో సిపాయిగా పోరాడాడు. గాయపడి కుంటివాడయ్యాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో చలికాలం ఆకులన్నీ రాలిపోయిన ఒక చెట్టును చూశాడు. కొన్నాళ్ళకి ఇదే చెట్టుకు మళ్ళీ ఆకులు, పూలు, పండ్లు వస్తాయి కదా అని ఆలోచనలో పడ్డాడు. దేవుని శక్తి ఏమిటో ఆ మోడు చెట్టు ఆయనకు చెప్పింది. ఆ సంగతి జీవితాంతం మరువలేదు.

తర్వాత 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరాడు. సహోదరుడు లారెన్స్ అని పేరు పెట్టారు. చదువు లేదు, గురువుగా తీసుకోలేదు. వంటింట్లో వేశారు. మన భాషలో చెప్పాలంటే లంగర్ డ్యూటీ. ఆయనకు వంట పని అంటే అసలు ఇష్టం ఉండేది కాదట. అయినా పదిహేనేళ్ళు చేశాడు, తర్వాత చెప్పులు కుట్టే పని చేశాడు. పెనం మీద అట్టు తిప్పినా దేవుని మీద ప్రేమతోనే తిప్పడం, గిన్నెల చప్పుడు మధ్యలో కూడా గుడిలో మోకాళ్ళ మీద ఉన్నట్టే ఉండటం నేర్చుకున్నాడు. మధ్యలో మనసు ఎటో వెళ్ళిపోతే? దానికోసం కుమిలిపోయేవాడు కాదు. గుర్తొచ్చిన క్షణంలోనే మళ్ళీ దేవుని వైపు తిరిగేవాడు. 1691లో చనిపోయాడు. ఆయన మాటలూ ఉత్తరాలూ పోగుచేసి మరుసటి ఏడాది అచ్చువేస్తే నేటికీ ప్రపంచమంతా చదువుతున్నారు. ఆకులు రాలిన చెట్టు, పెనం, చెప్పులు, ఇవీ ఆయన గుర్తులు. ఇందులో సచిన్‌లో దొరకనిది ఏదైనా ఉందా?

మన వాళ్ళు చాలామంది ఇక్కడ సెక్యూరిటీ ఉద్యోగాల్లో ఉన్నారు. పన్నెండు గంటల డ్యూటీ. ఆదివారం సెలవు అందరికీ దొరకదు. చర్చికి వెళ్ళలేకపోతున్నాం, దేవునికి దూరమైపోతున్నాం అని కొందరు బాధపడతారు. సంఘ సహవాసం తప్పకుండా కావాలి, దాన్ని తక్కువ చేయడం లేదు. కాని వెళ్ళలేని వారం కూడా దేవుడు గేటు దగ్గరే ఉంటాడు.

గుంటూరు వైపు నుంచి వచ్చిన మాజీ హవల్దారు ఒకాయన నాకు తెలుసు. రాత్రి షిఫ్టులో గేటు రిజిస్టరు రాస్తాడు. ప్రతి పేరూ రాసేటప్పుడు ఆ మనిషిని ఒక్క క్షణం దేవుని ముందు పెడతాడు. హిందువా, ముస్లిమా, ఒరియావాడా అని చూడడు. పైకి ఏమీ అనడు. ఆ అలవాటు వల్ల ఏమైందంటే, ఆయన పేర్లను పేర్లుగా కాక మనుషులుగా చూడటం మొదలుపెట్టాడు. ఒక రాత్రి లోపలికి వెళ్ళిన కుర్రాడు బయటకు వెళ్ళినట్టు సంతకం లేదు. మామూలుగా అయితే మరిచిపోయి ఉంటాడులే అని గీత గీసేస్తాం. ఈయన టార్చి తీసుకుని వెతికాడు. బేళ్ళ వెనక జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు కుర్రాడు. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి చేర్చారు. బతికాడు. హవల్దారు గారిని అడిగితే, అందులో నేను చేసిందేముంది సాబ్, రోల్‌కాల్‌లో ఒకడు తక్కువ వచ్చాడు, అంతే అన్నాడు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెళ్ళిన కాపరి కథను నేను చాలా ప్రసంగాల్లో విన్నాను. గేటు రిజిస్టరులో చదివింది మాత్రం అప్పుడే.

రోజూ చేయడం అనే మాట దగ్గర ఈ సూరత్ నగరమే మనకు ఒక పాఠం. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు అన్నారు. లక్షల మంది రైళ్ళెక్కి పారిపోయారు. దేశమంతా ఈ ఊరి చెత్తను చూసి ముక్కు మూసుకుంది. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు గారు ఏదో ఒక్క రోజు ఉద్యమం చేసి ఊరుకోలేదు. అధికారులు ఏసీ గదులు వదిలి ప్రతి రోజూ వీధుల్లో తిరగాలన్నారు, రాత్రిళ్ళు రోడ్లు ఊడ్పించారు. 2006 ఆగస్టులో తాపీ వరదకు నగరంలో ఎక్కువ భాగం మునిగింది, మళ్ళీ బురద అంతా ఎత్తిపోశారు. చివరకు 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోరుతో కలిసి దేశంలో మొదటి స్థానం వచ్చింది. నిన్న ఊడ్చాం కదా అని ఈ రోజు మానేస్తే ఏ నగరమూ శుభ్రంగా ఉండదు. మనసు కూడా అంతే. ఏడాదికొకసారి మూడు రోజుల ఉజ్జీవ సభలు మంచివే, కాని చీపురు ప్రతి రోజూ పట్టాలి.

కనుక చేతికి దొరికేవి కొన్ని చెప్తాను, మీకు వీలైనవి తీసుకోండి. మొదటిది, స్టాండ్-టు మానకండి. తెల్లవారుజామున ఒక పది నిమిషాలు, చీకటి పడే వేళ ఒక పది నిమిషాలు. బ్యూగిల్ లేదు కాబట్టి ఫోనులో అలారం పెట్టుకోండి. రెండవది, పొద్దున ఒక మాట, పాస్‌వర్డులాగా, చిన్నదే అయినా సరే, నోటికి తీసుకుని గుమ్మం దాటండి. మూడవది, మీ పనిలో రోజుకు ఇరవైసార్లు చేసే చిన్న పని ఒకటి ఎంచుకోండి. తాళం తీయడం కావచ్చు, నూలు అతకడం కావచ్చు, గ్యాస్ వెలిగించడం కావచ్చు. అది చేసినప్పుడల్లా దేవుణ్ణి తలచుకోండి. నాలుగవది, పెన్షన్ పడ్డ రోజును గుర్తుగా పెట్టుకోండి. ఆ రోజు మనకంటే తక్కువ ఉన్న ఒక ఇంటి గురించి ఆలోచించండి. కైసరయలో ఇటలీ పటాలానికి చెందిన కొర్నేలీ అనే శతాధిపతి ప్రార్థన, ధర్మం రెండూ కలిపి చేసేవాడని అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో ఉంది. ఆ రెండూ కలిసే దేవుని సన్నిధికి జ్ఞాపకార్థంగా చేరాయి. మనం దేవుణ్ణి గుర్తుంచుకోవడం ఒకటే కాదు, ఆయన కూడా మనల్ని గుర్తుంచుకుంటాడు.

ఐదవది, చివరిది. వారానికి ఒక్కసారి పాత సహచరుడి పేరు ఒకటి తలచుకుని ఫోన్ చేయండి. క్షేమమా అని అడగండి, చాలు. పెన్షన్ వచ్చాక పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక కుంగిపోతున్నవాళ్ళు మన లిస్టులోనే ఉన్నారు. వాళ్ళకు రోల్‌కాల్ తీసేవాళ్ళం మనమే కావాలి. మీ ఫోను వాళ్ళకు ఆ రోజు దేవుని పిలుపు అయినా ఆశ్చర్యం లేదు.

 సరిహద్దుల్లో డ్యూటీలో ఉన్న మన తమ్ముళ్ళను, వాళ్ళ కోసం ఎదురుచూసే కుటుంబాలను దేవుడు కాపాడును గాక. జై హింద్.